సొంత మాట చెప్పినవాళ్ళకే తలుపు

మెర్లిన్‌కి వినడం నేర్పింది మనుషులు కాదు, టర్బైన్లు. సీలేరు కాలనీలో పుట్టిన పిల్లలందరికీ అంతే. పవర్‌హౌస్ హోరు గోడల్లోంచి, మంచం కోళ్ళలోంచి, ఆఖరికి అన్నం గిన్నెలోంచి కూడా వస్తూనే ఉంటుంది. ఎప్పుడూ ఉండేది గనక అది ఎవరికీ వినపడదు. ఆగినప్పుడే వినపడుతుంది. రిపేరు కోసం మిషను ఆపిన రోజున ఆ నిశ్శబ్దానికి చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. ఆడవాళ్ళు పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేవారు. మెర్లిన్ తండ్రి బర్నబా అక్కడ ఫిట్టరు. ఏదైనా చెడిపోయే ముందు దాని గొంతు మారుతుందనీ, వినేవాడు ఒకడుంటే చాలుననీ అంటూండేవాడు.

ఆమెకి పదేళ్ళప్పుడు బర్నబాకి డొంకరాయి బదిలీ అయింది. అక్కడ ఇంటికి దగ్గర్లోనే కాలవ. కొండ అంచున సిమెంటు గోడల మధ్య, చప్పుడు చెయ్యకుండా, చాలా వేగంగా పోయే నీళ్ళు. తొంభై ఒకటిలో, బడి లేని ఒక శనివారం, ఆ కాలవ గట్టు మీద మెర్లిన్ ముందూ ఆమె తమ్ముడు ఎజ్రా వెనకా నడిచి వస్తున్నారు. ఆమెకి పదిహేను, వాడికి తొమ్మిది. ఇంటికి ఆమె ఒక్కతే వచ్చింది. మూడో రోజున వాడు కింద గేట్ల ఇనప చువ్వల దగ్గర దొరికాడు. సంఘం వాళ్ళు ప్రార్థన చేసి సమాధి మీద సిమెంటు సిలువ వేశారు. అడిగినవాళ్ళందరికీ మెర్లిన్ ఒకటే చెప్పింది: వెనకాలే వస్తున్నాడనుకున్నాను, చూసుకోలేదు.

అది అబద్ధం కాదు. కానీ మొత్తమూ కాదు. ఆ మిగిలింది ఆమె తల్లి మగ్దలేనమ్మకి కూడా చెప్పలేదు. తల్లి పోయింది, తర్వాత తండ్రీ పోయాడు. చెప్పవలసిన వాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు గానీ ఆ మాట మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఇంటరు చదివింది, బాల్వాడీలో పిల్లలకి పాటలు నేర్పింది, ఆ తర్వాత అరకులో మిషన్ వాళ్ళు నడిపే చిన్న సంస్థలో చేరింది. మనిషి తక్కువ మాట్లాడుతుంది, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటుంది. అది చూసి రెండు వేల మూడులో సంస్థ ఆమెని కౌన్సెలింగ్ శిక్షణకి పంపింది. నెలకొకసారి విశాఖపట్నంలో క్లాసులు. మిగతా రోజులు డుంబ్రిగుడలో డిస్పెన్సరీ వెనక రేకుల గదిలో, సంత రోజున వచ్చేవాళ్ళతో పని. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక టేప్ రికార్డరు. చెప్పుకునేవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళ మాటలు క్యాసెట్ మీద పట్టి శిక్షకుడికి వినిపించాలి.

ఆయన పేరు ధనరాజు, రిటైరయిన లెక్చరరు. పద్ధతులూ ఉపాయాలూ అనేక బడుల నుంచి తెచ్చుకోవచ్చు అనేవాడాయన. శ్వాస చూసుకోవడం ఒక బడిది, ఆలోచనలు కాగితం మీద పెట్టించడం ఇంకో బడిది, బొమ్మలు గీయించడం మరొకరిది. ఏది పనికొస్తే అది వాడుకోవచ్చు. కానీ అన్నిటికీ కింద పునాదిగా ఉండవలసింది ఎదుటి మనిషే. ఆ మనిషికి మనం సలహా చెప్పం, తప్పొప్పులు ఎంచం. ఆ మనిషి కళ్ళతో చూస్తాం. చూశామని తెలిసేలా ఆ మనిషి మాటనే తిరిగి అందిస్తాం. ఇంకొకటి కూడా చెప్పాడు: లోపల ఉన్నట్టే బయటా ఉండాలి, ముసుగు వేసుకుని కూర్చోకూడదు. మొదటి సంగతులు మెర్లిన్ నోటుబుక్కులో రాసుకుని కింద గీతలు గీసింది. చివరిది రాసుకుంది గానీ గీత గియ్యలేదు. తన లోపల ఏముందో ఎవరిక్కావాలి అనుకుంది.

*

కనకని డిస్పెన్సరీ నర్సమ్మ పంపింది. కనకది కుసుంవలస. డుంబ్రిగుడ నుంచి జీపులో వెళ్ళి, దిగాక రెండు గంటలు కొండెక్కాలి. పాతికేళ్ళుంటాయి. ఆ ఏడు వానల్లో జ్వరం తలకెక్కి ఆమె ఆరేళ్ళ కూతురు రమణి పోయింది. అప్పటినుంచి కనక ఇంట్లో మాట్లాడటం తగ్గించింది, తర్వాత మానేసింది. అత్త యర్రమ్మ ఆమెని సంతకి లాక్కొచ్చినట్టు తీసుకొచ్చి రేకుల గది గుమ్మంలో వదిలింది. మెర్లిన్‌ని కిందికీ పైకీ చూసి, ఇక్కడ ఏం మందిస్తారని అడిగింది. మందు ఇవ్వమనీ, వింటామనీ మెర్లిన్ చెప్పింది.

"ఇనడానికి జీతమిత్తారేటి?" అంది యర్రమ్మ. "మా ముసలోడు నలపై ఏళ్ళు ఒక్క మాటా ఇనకుండా సచ్చిపోనాడు. ఆడికి తెల్దు, ఇదో నవుకిరీ అని."

మొదటి వారం కనక ఏమీ మాట్లాడలేదు. మెర్లిన్ కూడా మాట్లాడలేదు. ధనరాజు గారు చెప్పినట్టు ఆ మౌనాన్ని అలాగే ఉండనిచ్చింది. బయట సంత సందడి, లోపల రేకు మీద చెట్టు కొమ్మ రాసుకునే చప్పుడు. వెళ్ళేటప్పుడు కనక, మళ్ళీ వస్తానన్నట్టు తల ఊపింది.

రెండో వారం కూతురి గురించి నోరు తెరిచింది. గొంతు వాడక తుప్పు పట్టిన గడియలా ఉంది.

"మా గుంట వత్తంది."

"మీ గుంట వస్తోంది," అంది మెర్లిన్ మెల్లగా.

"సందకాడ వత్తంది. వాకిట్లో నిలబడుద్ది."

"సందకాడ వస్తుంది. వాకిట్లో నిలబడుతుంది."

కనక చెయ్యి మోకాలి మీద ఆగిపోయింది. టేపు తిరుగుతోంది.

"దానికి దాని మాటలేటీ లేవు. నానన్నదే అంటది."

"నువ్వన్నదే అంటుంది."

కనక తలెత్తి మెర్లిన్ ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తన మాట తనకి అందినప్పుడు మనుషులు అలా చూస్తారని మెర్లిన్ క్లాసులో విని ఉంది. ఆ సాయంత్రం నోటుబుక్కులో 'లోతుగా అందుకున్నట్టుంది' అని రాసుకుంది. వెళ్ళే ముందు కనక కొంగు ముడి విప్పి, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఆకులో పెట్టి బల్ల మీదికి జరిపింది. తినమని చెయ్యి చూపించింది. వచ్చినవాళ్ళ దగ్గర ఏదీ పుచ్చుకోకూడదని సంస్థ నియమం. మెర్లిన్ నవ్వుతూ వద్దంది. కనక నవ్వలేదు. ఆకుని తిరిగి మూటకట్టుకుంటున్నంతసేపూ మెర్లిన్ నోటి వైపే చూసింది.

మూడో వారం కనక కుర్చీలో కూర్చోలేదు. గుమ్మానికి దగ్గరగా గోడకి ఆనుకుని నిలబడింది. ఈసారి ఆమే అడిగింది.

"నీ పేరేటి?"

పేరు మొదటి రోజునే చెప్పింది మెర్లిన్. అడిగిన ప్రశ్న వెనక ఏముందో చూడాలి గానీ ప్రశ్నకి తొందరపడి జవాబివ్వకూడదు.

"నా పేరు తెలుసుకోవాలనుంది నీకు."

"నీకెవులున్నారు?"

"నాకెవరున్నారో తెలుసుకోవాలనుంది."

కనక కొంగు ముఖం మీదికి లాక్కుంది. వీపు గుమ్మం వైపు పెట్టి, మెర్లిన్ మీంచి చూపు తియ్యకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గది దాటి వెళ్ళిపోయింది.

*

విశాఖపట్నంలో ధనరాజు గారు రెండో వారం క్యాసెట్ విన్నాడు. కళ్ళు మూసుకుని, వేళ్ళు గడ్డం కింద పెట్టుకుని విన్నాడు. అయ్యాక, మాట తిరిగి అందించడం బాగా పట్టుకున్నావన్నాడు. కానీ గదిలో పాపని ఎందుకు కూర్చోబెట్టావన్నాడు.

"ఏ పాప సార్?"

ఆయన టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాడు. కనక గొంతు: నానన్నదే అంటది. మెర్లిన్ గొంతు: నువ్వన్నదే అంటుంది. ఆ తర్వాత, రేకు మీద కొమ్మ రాసుకుంటున్న చప్పుడులోంచి, ఎక్కడో దూరంగా కాదు, బల్ల దగ్గర్నుంచే, చిన్న గొంతు: అంటుంది.

మెర్లిన్ ముఖం చూసి ఆయన సర్దుకున్నాడు. రేకుల గదులు మాటని పట్టుకుని తిరిగి విసురుతాయన్నాడు. పైగా అది సండేస్కూల్ పిల్లల పాటలు చెరిపేసి వాడుకున్న క్యాసెట్టు, పాత గొంతు ఏదో మిగిలి ఉంటుందన్నాడు. రెండూ నిజమే కావచ్చు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాట ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

"ఇందులో ఆవిడ ఉందమ్మా. నువ్వెక్కడా లేవు. అద్దం ఉంది, అద్దం పట్టుకున్న మనిషి లేదు."

మర్నాడు పొద్దుట కిరండోల్ పాసింజర్‌లో తిరిగి వస్తుంటే శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. పెట్టెలో ఉన్న పిల్లలందరూ ఒక్కో సొరంగం రాగానే గొంతు చించుకుని అరవడం, గోడలు ఆ అరుపుని తిరిగి ఇవ్వడం, పెద్దవాళ్ళు కసరడం. ఆ దారిలో ఎప్పుడూ ఉండేదే. ఒక పొడుగాటి సొరంగంలో పిల్లలు అరిచి అరిచి అలసి ఊరుకున్నారు. చీకట్లో చక్రాల చప్పుడే మిగిలింది. అప్పుడు ఎవరో, కిటికీ అవతల నుంచి వచ్చినట్టు, అక్కా అన్నారు.

ఈ పెట్టెలో అక్కలు చాలామందే ఉంటారు అనుకుంది మెర్లిన్. వెలుతురు వచ్చేదాకా చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది.

*

నాలుగో వారం కనక రాలేదు. ఆమె మొగుడు సోంబరు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయటే నిలబడి, నేల చూస్తూ చెప్పాడు. పుష్యమాసం పున్నమికి, అంటే ఇంకా అయిదు రోజుల్లో, పిల్లకి రాయి ఎత్తుతారు. పోయినవాళ్ళకి రాయి నిలబెట్టాక వాళ్ళు ఇళ్ళ చుట్టూ తిరగరు, తమ దారిన పోతారు. ఆ లోపలే పిల్లతో కలిసి తనూ వెళ్ళిపోతానంటోంది కనక. ఇప్పటికే రెండుసార్లు సందకాడ, చీకటి పడే వేళ, లేచి ఊరి కింద పారే గెడ్డ మీద ఎత్తు బండ దాకా వెళ్ళింది. యర్రమ్మ జుట్టు పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

తను వచ్చి మాట్లాడతానంది మెర్లిన్.

"నువ్వు రావొద్దమ్మా. నీ కాడికొచ్చి నోరు తెరిసింది. నీ కాడే మల్లీ మూసేసింది," అన్నాడు సోంబరు. తప్పు తనదే అన్నట్టు చిన్న గొంతుతో అన్నాడు, "నువ్వు బతికున్న మడిసివి కాదని అంటంది."

అప్పుడు చెప్పాడు వాళ్ళ ఊరి సంగతి. రాయి ఎత్తేదాకా పోయినవాళ్ళకి సొంత మాటలుండవు. మనం అన్నదే మనకి తిరిగి అంటారు. అందుకే సందకాడ ఎవరైనా తలుపు దగ్గరికొస్తే లోపలివాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు. వచ్చినవాళ్ళు తమ కబురు ఏదైనా చెప్పాలి. ఎద్దు కుంటుతోందనో, చోళ్ళు నూర్చామనో, ఏదైనా సరే తనది. అన్న మాటే తిరిగి వస్తే తలుపు తియ్యరు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఉప్పు వేసినదేదైనా పెడతారు. పోయినవాళ్ళు ఉప్పు తినరు.

సోంబరు వెళ్ళాక మెర్లిన్ ఆ గదిలో ఒక్కతే కూర్చుంది. తను గీతలు గీసుకుని నేర్చుకున్నదంతా ఆ కొండ మీద చచ్చిపోయినవాళ్ళు చేసే పని. కనక మూడు వారాలు తన ఎదురుగా కూర్చుని, పిల్ల కోసం తెరిచిన నోటితో, ఈమె కూడా పోయిన మనిషే కాదు గదా అని పరీక్ష పెడుతూ వచ్చింది. పేరడిగింది, తిండి పెట్టింది, నీకెవరున్నారని అడిగింది. మూడింట్లోనూ తను తప్పింది.

ఎస్టీడీ బూతు నుంచి ధనరాజు గారికి ఫోన్ చేసింది. ఆయన కంగారుపడ్డాడు. ప్రాణం మీదికి వచ్చిన సంగతి, కౌన్సెలింగ్‌తో ఆగకు, పెద్దాసుపత్రికి పంపించు అన్నాడు. డిస్పెన్సరీ జీపు సోమవారం గానీ రాదు. వచ్చినా కనక ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదు. సోమవారానికి పున్నమి వచ్చేస్తుంది. మెర్లిన్ మర్నాడు మధ్యాహ్నం సర్వీసు జీపెక్కింది.

*

జీపు దారిలో రెండుసార్లు ఆగింది. కొండెక్కడం మొదలుపెట్టేసరికే ఎండ పసుపు తిరిగింది. వలిసెలు కోసేసిన పొలాలు మోళ్ళతో బోడిగా ఉన్నాయి. గెడ్డ దాటుతుంటే చెప్పు తెగింది. రెండోది కూడా అక్కడే వదిలేసి రాళ్ళ మీద నడిచింది. పైన ఎత్తు బండ కనిపించింది. దాని కింద నీళ్ళు నల్లగా, చప్పుడు లేకుండా ఉన్నాయి.

కుసుంవలస చేరేసరికి సందవేళ అయింది. వాకిళ్ళలో ఎవరూ లేరు. మగవాళ్ళందరూ రాయి తీసుకురావడానికి అవతలి కొండకి పోయారు. ఇళ్ళ తలుపులన్నీ మూసి ఉన్నాయి, పొగ మాత్రం కప్పుల్లోంచి వస్తోంది. కుక్కలు అరవలేదు. ఆమె అడుగుల వెనక ఇంకెవరివో అడుగులు పడుతున్నట్టూ, ఆమె ఆగితే ఆగుతున్నట్టూ అనిపించింది. చెప్పులు లేని కాళ్ళతో నడవడం అలవాటు తప్పిందనుకుంది.

"కనకా," అని పిలిచింది తలుపు దగ్గర నిలబడి.

లోపల పొయ్యి చిటపటలాడింది. చాలాసేపటికి కనక గొంతు వచ్చింది.

"ఎవులు?"

ఎవరో తెలుసుకోవాలనుంది నీకు. ఆ మాట మెర్లిన్ నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళతో పట్టుకుంది.

"నేను, మెర్లిన్‌ని. జీపు ఆగిపోయింది. గెడ్డ దగ్గర చెప్పు తెగింది. పారేసి వచ్చాను."

"సెప్పు తెగిందంట," అంది లోపలి నుంచి యర్రమ్మ. "దెయ్యానికి సెప్పులెక్కడివే. తీ తలుపు."

"నువ్వుండత్తా," అంది కనక. తర్వాత తలుపుకి దగ్గరగా వచ్చి, చెక్క అవతల నుంచే అంది. "సెప్పుల మాట ఎవులన్నా అంటారు. ఇంకోటి సెప్పు. నీకే తెలిసింది. ఇంకెవులికీ తెలవంది."

మెర్లిన్ దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది.

తలుపు చెక్క మీద అరచెయ్యి ఆనించి చెప్పింది. ముందు మాటలు అతుక్కుపోయి వచ్చాయి, తర్వాత వాటంతట అవే వచ్చాయి. డొంకరాయిలో కాలవ ఉంటుంది. తమ్ముడు ఎజ్రా. గట్టు మీద నడుస్తుంటే వాడికి భయమేసి, చెయ్యిమ్మన్నాడు. తనకి ఆ పొద్దుట వాడి మీద కోపం, ఎందుకో కూడా ఇప్పుడు గుర్తులేదు. వాడు 'అక్కా, ఆగవే' అంటే, వెక్కిరిస్తూ తనూ 'అక్కా, ఆగవే' అంది. వాడు 'చెయ్యియ్యవే' అంటే 'చెయ్యియ్యవే' అంది. వాడు ఉడుక్కుని ఏడుస్తూ ఏమంటే అదే అంటూ, వెనక్కి తిరక్కుండా నడిచింది. కాసేపటికి వాడు ఏమీ అనలేదు. ఓడిపోయి ఊరుకున్నాడనుకుని ఇంకా పది అడుగులు వేసింది.

"నేను వాడితో ఆఖరున అన్నవి వాడి మాటలే. నావి ఒక్కటీ లేవు," అంది మెర్లిన్. "చూసుకోలేదని అందరికీ చెప్పాను. విన్నానని చెప్పలేదు."

చుట్టూ పూర్తిగా చీకటి దిగింది. ఆమె మాట ఆగాక వాకిట్లో ఏ చప్పుడూ లేదు. అప్పుడు ఆమె వీపు వెనక, రెండు బారల దూరంలో, చిన్నగా వినిపించింది: ఆగవే.

తలుపు జానెడు తెరుచుకుంది. పొయ్యి వెలుగులో కనక ముఖం సగం కనిపించింది. కనక ఆమెని చూడలేదు. ఆమె భుజం మీదుగా వాకిట్లోకి చూసింది.

"నీ ఎనక గుంటడున్నాడు," అంది. "తడిసిపోయున్నాడు. తిరిగి సూడకు. లోపలికి రా."

*

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, అడక్కుండానే కందికాయలు ఆకులో పెట్టింది కనక. మెర్లిన్ తింది. ఉప్పు ఎక్కువైంది. తింటున్నంతసేపూ అత్తాకోడళ్ళిద్దరూ ఆమె నోరే చూశారు. యర్రమ్మ నిట్టూర్చి, ఈ గుంటకి ఆకలి కూడా ఉందని కోడలితో అంది.

అప్పుడు మాట్లాడింది కనక. ఇన్ని నెలలుగా లోపల పెట్టుకున్నది అంతా ఒక్కసారి కాదు, ఒక్కొక్క పుల్లా పొయ్యిలోకి తోస్తున్నట్టు మాట్లాడింది. రమణికి చీకటంటే భయం. బయటికెళ్ళాలన్నా తల్లి కొంగు పట్టుకునేది. రాయి ఎత్తాక పోవలసిన దారి ఎంత పొడుగో, ఎంత చీకటో ఎవరికీ తెలియదు. ఆరేళ్ళ పిల్ల ఒక్కతే ఎలా పోతుంది? చావాలని కాదు తను బండ మీదికెళ్ళింది. తోడు పోవాలని. రోజూ వాకిట్లో నిలబడి పిల్ల తన మాటే తనకి అంటుంటే, రమ్మని అడగడానికి దానికి మాట లేదని తనకి అర్థమైంది.

మెర్లిన్ ఆ మాటలేవీ తిరిగి చెప్పలేదు. తనకి ఏడుపొస్తోందని చెప్పింది. ఏడ్చింది కూడా.

"మీవోడికెన్నేళ్ళు?" అంది కనక.

"తొమ్మిది."

"మా దానికారు." పొయ్యిలో పుల్ల సర్దింది. "ఆడికి రాయెత్తారా?"

"సిలువ వేశాం."

"అది మీ దేవుడికి. ఆడికేటేశారు?"

 కనక తలుపు వైపు చూసి, మెల్లగా అడిగింది.

"దారిలో మా దాని సెయ్యట్టుకుంటాడా?"

ఆ ప్రశ్నకి రెండు జవాబులు మెర్లిన్‌కి తెలుసు. ఒకటి ధనరాజు గారి క్లాసులోది. ఒకటి పాస్టరు గారిది. రెండూ మంచివే, రెండిటినీ ఆమె గౌరవిస్తుంది. రెండూ ఎవరో ఇచ్చినవి. కనక వేళ్ళు నేల మీద ఆగి ఎదురు చూస్తున్నాయి. ఆ వేళ్ళు ఎటు కదులుతాయో దాన్ని బట్టి రేపు ఆ బండ మీద ఎవరైనా ఉంటారో ఉండరో తేలుతుంది.

"పట్టుకుంటాడు," అంది మెర్లిన్. "చెయ్యి పట్టుకుని నడవడం వాడికిష్టం. ఆ రోజు నేనే ఇవ్వలేదు."

*

తెల్లవారాక మగవాళ్ళు రాయి మోసుకుంటూ వచ్చారు. కనక వాకిట్లోకి వచ్చి, ఇంకొకటి కావాలని మొగుడితో చెప్పింది. నెలల తరవాత ఆమె అతనితో అన్న మొదటి మాట అది. సోంబరు ఎందుకని అడగలేదు. మోకాలెత్తు రాయి ఒకటి గెడ్డ ఒడ్డు నుంచి తానే భుజాన వేసుకుని తెచ్చాడు.

పున్నమి నాడు ఊరి పెద్ద బుధు రెండు గుంటలు తవ్వించాడు. తమ ఊరిది కాని పిల్లాడికి ఇక్కడ రాయేమిటని ఒకరిద్దరు గొణిగారు. ఆడదాని ప్రాణం నిలబడుతుందంటే రాళ్ళకేం కరువని బుధు వాళ్ళ నోరు మూయించాడు. పేరు చెప్పమని మెర్లిన్‌ని అడిగాడు. ఎజ్రా అనడానికి ఆయనకి నోరు తిరగలేదు. ఎజరా, ఎజరా అని రెండుసార్లు పలికి చూసుకుని, రెండు రాళ్ళనీ ఒకదానికొకటి తగిలేలా నిలబెట్టించాడు. కనక రమణి రాయి దగ్గర కూర్చుని, చీకట్లో కొంగు వెతుక్కోవద్దనీ, పక్కనున్న గుంటడి చెయ్యి వదలొద్దనీ పిల్లకి చెప్పింది. చెప్పి కాసేపు చెవి ఒగ్గింది. ఏదీ తిరిగి రాలేదు. అక్కడే కూర్చుని పెద్ద గిన్నెడు చోడి అంబలి తాగింది. యర్రమ్మ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుని, అంబలికి ఉప్పు చాలలేదని అరిచింది.

ఆ సందకాడ వాకిట్లో ఎవరూ నిలబడలేదు. ఆ తర్వాత ఏ సందకాడా నిలబడలేదు. వారం తర్వాత కనక తనంతట తనే సంతకి దిగి వచ్చి, రేకుల గదిలో కుర్చీలో కూర్చుంది. ఇంకో ఆరు వారాలు వచ్చింది. పెద్దాసుపత్రికి కూడా ఒకసారి మెర్లిన్ వెంట వెళ్ళింది. డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంది.

ధనరాజు గారు ఆ కేసు రిపోర్టు చదివి కళ్ళజోడు తీశాడు. ఇందులో ఏ పద్ధతి వాడావని అడిగాడు. నేను ఎవరినో చెప్పాను సార్ అంది మెర్లిన్. ఆయన సర్టిఫికెట్‌కి సిఫారసు మీద సంతకం పెట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి రెండో వారం క్యాసెట్ మళ్ళీ పెట్టించాడు. నానన్నదే అంటది. నువ్వన్నదే అంటుంది. ఆపైన కొమ్మ చప్పుడు తప్ప ఏమీ లేదు. రేకులు బాగు చేయించారా అన్నాడాయన. క్యాసెట్ పాతదేననీ, రేకులు బాగుచేసినా అందులో గొంతు ఎలా పోతుందనీ ఆమె అనలేదు. అవునంది.

అయిదేళ్ళ తర్వాత కూడా మెర్లిన్ ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళున్నారు. ఎదుటివాళ్ళ మాట తిరిగి అందించడం ఆమె కూడా నేర్పుతుంది. కానీ ముందు మీది ఏదో ఒకటి చెప్పి కూర్చోండి, చెప్పు తెగిన సంగతైనా సరే అంటుంది. కొత్తవాళ్ళు నవ్వుకుంటారు. సంతలో అల్లం అమ్ముకునే కనక, చంకలో కొత్త బిడ్డతో, ఆమెని చూసినప్పుడల్లా కందికాయలు చేతిలో పెడుతుంది. ఆమె నోట్లో వేసుకునేదాకా అక్కడే నిలబడుతుంది. ఇప్పటికీ.

విశాఖపట్నం వెళ్ళి వచ్చే రోజుల్లో సొరంగాలు మామూలే, పిల్లల అరుపులూ మామూలే. వాళ్ళు అలసి ఊరుకున్నాక మెర్లిన్ కిటికీకి చెవి దగ్గర పెడుతుంది. చక్రాల చప్పుడు తప్ప ఏమీ రాదు. వాడు వెళ్ళిపోయాడు, తోడుతో వెళ్ళాడు, తను కోరుకున్నదే. అయినా ఆ ఏమీ రాకపోవడం వినపడగానే, మిషను ఆగిన రోజున కాలనీ ఆడవాళ్ళు గరిటె పట్టుకుని నిలబడినట్టు, ఆమె చెయ్యి ఒళ్ళో సగం తెరుచుకుని అలాగే ఉండిపోతుంది, వెలుతురు వచ్చేదాకా.